ల్యాబ్ మార్చేముందు ఒకసారి ల్యాబ్‌కి వెళ్లి రండి

మీ ప్రశ్న ఇదీ: బీడీఎస్ అయ్యాక ఒక క్లినిక్‌లో చేరి ఆరు నెలలైంది, డెంటల్ ల్యాబ్ నుంచి వచ్చే పంటి క్యాపులు సరిగా కూర్చోవడం లేదు, పాత అసిస్టెంట్ మీతో ముభావంగా ఉంటోంది, ల్యాబ్ మార్చమని పెద్ద డాక్టరు గారిని అడగాలా అని.

ఇప్పుడే అడగకండి. గుంటూరులో ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు నాదీ ఇదే పరిస్థితి. ఒక పెద్దాయన కింది దవడ పన్నుకి చేయించిన మెటల్ సెరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ) క్యాప్ రెండుసార్లు తిప్పి పంపాను. మొదటిసారి ఎత్తుగా ఉంది. రెండోసారి అంచు దగ్గర ప్రోబ్ (పళ్లు పరీక్షించే సన్నటి మొన) దూరిపోతోంది. పేషెంట్ ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి అరిచాను. టెక్నీషియన్ అంతా విని, "ఒకసారి ల్యాబ్‌కి రండి మేడమ్, మోడల్ చూపిస్తాను" అన్నారు.

ఆదివారం వెళ్లాను. నా కేసుల మోడళ్లు, అంటే నేను పంపిన ఇంప్రెషన్లలో (పళ్ల అచ్చుల్లో) పోసి చేసిన నమూనాలు, ఏడెనిమిది బల్ల మీద వరసగా పెట్టి ఉంచారు. భూతద్దం ఇచ్చి, ఫినిష్ లైన్, అంటే అరగదీసిన పన్ను మీద క్యాప్ అంచు ఆగాల్సిన గీత, ఎక్కడుందో నన్నే పెన్సిల్‌తో గీయమన్నారు. వెనకవైపుకి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. అక్కడ చిగురు కప్పేసింది, లైనే పడలేదు. ఇన్నాళ్లూ ఆయన అంచనా మీద అంచు గీసుకుని పని చేస్తున్నారు. క్యాప్ మందం కోసం పన్ను పైన ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల చోటు ఉండాల్సిన దగ్గర నేను ఒక్కటే వదిలాను. "పల్చగా చేస్తే పింగాణీ పగులుతుంది, మందంగా చేస్తే ఎత్తవుతుంది. నన్నేం చేయమంటారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అక్కడే క్షమాపణ చెప్పాను.

ఎత్తుకి ఇంకో కారణం కూడా ఆ రోజే తేలింది. ఎదుటి దవడకి ఆల్జినేట్ అనే మెత్తటి పదార్థంతో తీసిన ఇంప్రెషన్‌ని తడి టిష్యూలో చుట్టి, సాయంత్రం ల్యాబ్ కుర్రాడు వచ్చేదాకా పక్కన పెట్టేవాళ్లం. ఆల్జినేట్ నీరు వదిలి కుంచించుకుపోతుంది, దాంతో మోడల్ కొలత తప్పుతుంది. పది పదిహేను నిమిషాల్లో స్టోన్ (మోడల్ చేసే గట్టి ప్లాస్టర్) పోసేయాలి.

మర్నాడు మా అసిస్టెంట్ అక్కని అడిగాను. నాకంటే ముందు పదేళ్లుగా వేరే డాక్టర్ల దగ్గర చేసిన మనిషి. ఇంప్రెషన్ సరిగా పడలేదని ఆమెకి చూడగానే తెలిసేదట. మరి చెప్పలేదేం అంటే, "మీరు డాక్టరు కదా మేడమ్, నేనెట్టా చెప్తాను?" అంది. ల్యాబ్‌లో చూసినదానికంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతకుముందు ఒకసారి పేషెంట్ ముందు ఆమెని కసురుకున్నాను. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు. మీ అసిస్టెంట్ విషయంలోనూ ఇలాంటిదేమైనా జరిగిందేమో గుర్తుచేసుకోండి.

అప్పటినుంచి ఇంప్రెషన్ బయటికి తీయగానే ముందు ఆమే చూస్తుంది. "ఇంకోసారి చూస్తారా మేడమ్?" అంటే మళ్లీ తీయాలని అర్థం. పేషెంట్‌కి కంగారు ఉండదు, నేను వాదించను. స్టోన్ ఆమే పోస్తుంది. ముందు పళ్ల కేసుకి టెక్నీషియనే వచ్చి కిటికీ వెలుగులో షేడ్ చూస్తారు, అదీ పన్ను అరగదీయకముందే. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి అసలు రంగుకంటే తెల్లగా కనిపిస్తుంది.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడుకున్నాం. మోడల్ మీద అంచు స్పష్టంగా ఉండీ క్యాప్ కూర్చోకపోతే ఆయన ఉచితంగా మళ్లీ చేస్తారు. అంచు లేకపోతే ఖర్చు నాది. దీంతో సగం గొడవలు పోయాయి.

ఇన్ని చేశాక కూడా, స్పష్టమైన మోడల్ మీద క్యాపులు తప్పుగానే వస్తుంటే అప్పుడు ల్యాబ్ మార్చండి. ముందు మాత్రం రేపు ఫోన్ చేసి, మీ పాత మోడళ్లు ఉంటే పారేయకుండా పక్కన పెట్టమనండి. వెళ్లేటప్పుడు మీ అసిస్టెంట్‌ని కూడా వెంట తీసుకెళ్లండి.