రోనీ జేమ్స్ డియోకు నివాళిగా అభిమానులు రెండు వేళ్లు ఎందుకు పైకెత్తుతారు?

హెవీ మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) వేదికపై చూపుడువేలు, చిటికెనవేలు నిలిపి మిగిలినవి మడిచే 'కొమ్ముల' సంజ్ఞను ప్రపంచానికి అలవాటు చేసినవాడు గాయకుడు డియోయే కనుక, ఆయన గుర్తుగా అభిమానులు దాన్నే చూపుతారు.

డియో ఇటలీ మూలాలున్న అమెరికన్. చిన్నతనంలో బామ్మ చెయ్యి పట్టుకుని వీధిలో నడుస్తుంటే, ఎవరి చూపైనా మంచిది కాదనిపించగానే ఆమె ఇలా వేళ్లు చూపేదని ఆయనే చెప్పారు. మన మాటల్లో చెప్పాలంటే అది దిష్టి తగలకుండా చేసే సైగ. 1979లో ఆయన బ్లాక్ సబ్బాత్ బృందంలో చేరేనాటికి, అంతకుముందు అక్కడ పాడిన ఆజీ ఆస్‌బోర్న్ చూపే శాంతి చిహ్నం జనానికి బాగా పరిచయం. దాన్ని అనుకరించడం ఇష్టంలేక డియో బామ్మ సైగను ఎంచుకున్నారు.

2010 మే 16న ఉదర క్యాన్సర్‌తో, 67 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. ఆ నెల 30న లాస్ ఏంజెలెస్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో జరిగిన బహిరంగ సంస్మరణలో అభిమానులు మౌనంగా తలవంచడంతో సరిపెట్టుకోక, ఆ రెండు వేళ్లనూ పైకెత్తారు.

ఇది సైతాను ఆరాధన అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. డియో దృష్టిలో ఇది చెడును తిప్పికొట్టే సైగ. (దీన్ని ఆయనే కనిపెట్టారనడమూ సరికాదు, కోవెన్ బృందం 1969లోనే వాడింది, తాను సృష్టికర్తనని డియో కూడా చెప్పుకోలేదు.) బొటనవేలు కూడా చాపితే అది అమెరికన్ సంకేతభాషలో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని అర్థమిచ్చే వేరే సంజ్ఞ.