1983లో పెళ్లయిన ఆడపడుచుకు పుట్టింటి తోటలో వాటా ఉందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం. నాకు 1983లో పెళ్లయింది. తాతల నాటి మూడెకరాల మామిడితోట నాన్న పేరున ఉండేది. అమ్మ ముందే పోయింది. నాన్న 2016లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. కట్నం, బంగారం పెళ్లప్పుడే ఇచ్చామని, 1985కు ముందు పెళ్లయిన ఆడపిల్లకు వాటా లేదని చెప్పి, అన్నలిద్దరూ హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?

జవాబు: అమ్మా, ఇప్పుడు పెట్టకండి. మీ అన్నలు చెప్పే మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కల్పిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. పెళ్లి ఎప్పుడైనా కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంటుంది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది.

తోట ఉమ్మడి ఆస్తి అయినా, నాన్నగారి సొంతమైనా, వీలునామా లేదు కాబట్టి మీ ముగ్గురికీ తలా ఎకరా వస్తుంది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో పంపకం జరిగి ఉంటే లెక్క మారుతుంది. అందుకే ముందు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయించండి. 'ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం' అంటే కోర్టులు తేలిగ్గా ఒప్పుకోవు.

ఇక కట్నం సంగతి. ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరమైన దాన్ని మీ ఎకరాకు బదులుగా లెక్కగట్టడం ఏ చట్టంలోనూ లేదు, న్యాయమూ కాదు. సంతకం పెట్టకపోతే సంక్రాంతికి పుట్టింటి పిలుపు ఆగిపోతుందేమోనన్న బెంగతో నా దగ్గరకు వచ్చిన అక్కచెల్లెళ్లు ఎందరో. రాసిన పత్రంలో ఏముందో చదవకుండా, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి వచ్చినవారూ ఉన్నారు. రిజిస్టరయ్యాక దాన్ని రద్దు చేయించడం ఏళ్ల తరబడి సాగే పని.

పాసుపుస్తకం అన్నల పేరున మారినంత మాత్రాన మీ హక్కు పోదు. అయినా మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) జరగకముందే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. దావా వేసే ముందు పెద్దమనుషుల్లో కూర్చోవడమే నాకిష్టం. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మీ ఎకరా అన్నలకే ఇవ్వాలని మనసుంటే, వాటా మీదేనని పత్రంలో రాయించుకున్నాక ఇవ్వండి.