ఆముదం రాస్తే రాలిన జుట్టు మళ్ళీ వస్తుందా? కొబ్బరి నూనె ముఖానికి రాయొచ్చా?

రెండో ప్రశ్నకి జవాబు చిన్నది, చివర్లో చెప్తాను. మొదటిదాని మీద మాత్రం నాకు చాలాకాలంగా కడుపుమంట ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మా చెల్లికి ఒకసారి గట్టి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం సంగతి అందరూ మర్చిపోయాక, రెండు మూడు నెలలకి, జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన నిండా వెంట్రుకలే, దిండు మీద వెంట్రుకలే. బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ దగ్గర ఉండలు కట్టి నీళ్ళు కదిలేవి కావు. తలస్నానం అంటేనే ఏడుపు మొహం పెట్టేది. చర్మం డాక్టర్ ఒక చిన్న పాయ వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లిగా లాగారు. చేతిలోకి వచ్చిన వెంట్రుకల చివర తెల్లటి బుడిపె చూపించి, "జ్వరం దెబ్బకి బోలెడు వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోయాయి. అవే ఇప్పుడు రాలుతున్నాయి. కుదుళ్ళు బాగానే ఉన్నాయి, ఆరు నెలల్లో సర్దుకుంటుంది" అన్నారు. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తే అవీ బాగానే ఉన్నాయి. మందేమీ రాయలేదు. మందు రాయని డాక్టర్ మనవాళ్ళ కంటికి ఆనడు, అదో బాధ.

అప్పుడు దిగింది మా పిన్ని, ఏవో ఆకులు వేసి కాచిన ఆముదం సీసాతో. మాడంతా పట్టించి, గోళ్ళు దిగేలా మర్దన చేసేది. ఆముదం చిక్కదనం సంగతి వాడినవాళ్ళకే తెలుసు: చెవి వెనక నుంచి మెడ మీదికి మెల్లగా పాకుతుంది, మొదటిసారి షాంపూ పెడితే నురగే రాదు. అది వదిలించే పెనుగులాటలోనే ఇంకొన్ని వెంట్రుకలు తెగేవి. కొన్నాళ్ళకి నుదుటి దగ్గర పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, సరిగ్గా డాక్టర్ చెప్పిన గడువులోనే. "చూశావుటే నా నూనె మహిమ!" అని పిన్ని చుట్టాలందరికీ ఫోన్లు. తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదన్న ముసలమ్మ కథ గుర్తొచ్చింది నాకు. గడువు గురించి నేను నోరెత్తితే, "నీకన్నీ వితండవాదాలే" అంది. ఇప్పుడా సీసా ఇల్లిల్లూ తిరుగుతోంది.

నూనెతో జుట్టు మొలిచిందనే కథలు చాలామటుకు ఇలా పుట్టినవే. జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఉన్నట్టుండి తిండి బాగా తగ్గించేయడం, వీటిలో ఏదైనా జరిగిన రెండు మూడు నెలలకి జుట్టు రాలుతుంది, తర్వాత దానంతటదే ఆగుతుంది. ఆ సమయంలో చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి పోతుంది. ఆముదంలో తొంభై శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం. చిక్కదనం, మెరుపు దాని వల్లే. అది కొత్త వెంట్రుక మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మామూలుగా జుట్టు నెలకి ఓ సెంటీమీటరు పెరుగుతుంది, నూనె రాసినా రాయకపోయినా. రాలడం ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, గుండ్రంగా అక్కడక్కడ జుట్టు ఊడి ఖాళీలు పడుతున్నా, పాపిట వెడల్పవుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అలాగని నేను నూనె వ్యతిరేకిని కాను, నా తలకీ రాస్తాను. కాకపోతే కుదుళ్ళకి కాదు, పొడవుకి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, వెంట్రుక లోపలికి చొరబడగలదు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ (పెట్రోలియం నుంచి తీసే) నూనెల్ని పోల్చి చూస్తే, వెంట్రుకలోంచి ప్రోటీన్ పోకుండా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అందుకే తలస్నానానికి కొన్ని గంటల ముందు, చివర్లకి బాగా పట్టేలా రాసుకుంటే చాలు. చుండ్రు ఉన్నవాళ్ళు మాత్రం మాడుకి నూనె ఆపేయండి. చుండ్రుకి కారణమయ్యే ఈస్ట్ (కంటికి కనపడని ఒక రకం ఫంగస్) బతికేదే ఆ జిడ్డు మీద. "తల ఎండిపోయింది, అందుకే పొట్టు రాలుతోంది" అని నూనె పోస్తే దానికి విందు పెట్టినట్టే.

ఇక సీసాల మీద "నో కెమికల్స్" అని రాస్తారే, అది చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ఆముదం గింజలో రిసిన్ అనే పచ్చి విషం ఉంటుంది, అదీ సహజమే కదా? (భయపడకండి, అది నూనె తీశాక మిగిలే పిండిలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు.) గింజల నూనెలు ఒకటి, ఘాటు వాసన వచ్చే ఎసెన్షియల్ ఆయిల్స్ ఇంకొకటి. టీ ట్రీ నూనెని నేరుగా మొటిమ మీద చుక్క వేసుకుంటే ఎర్రగా దద్దుర్లు లేవచ్చు, సీసా పాతదైతే మరీను. గానుగలో పిండినట్టు తొక్కల నుంచి తీసిన నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చ పడుతుంది. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు, కింద కొనే లింకు మాత్రం ఉంటుంది.

మీ రెండో ప్రశ్న. మొటిమలొచ్చే ముఖమైతే కొబ్బరి నూనె వద్దు, రంధ్రాలు మూసుకుంటాయి. పొడిబారిన చేతులకీ కాళ్ళకీ అయితే హాయిగా రాసుకోండి, కానీ స్నానమయ్యాక ఒళ్ళు కాస్త తడిగా ఉన్నప్పుడే. నూనెలో నీళ్ళుండవు, చర్మంలో ఉన్న తడిని ఆవిరైపోకుండా ఆపడమే దాని పని. ఆలివ్ నూనె ఖరీదైనది కదా అని పసిపిల్లల ఒంటికి పట్టించకండి, అందులోని ఓలిక్ ఆమ్లం చర్మపు పైపొరని బలహీనం చేస్తుంది. ఏ నూనె అయినా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. మూత తీయగానే ముక్కిపోయిన వాసన కొడితే పారేయండి.