ఒకే వంట, ఒకే నడక: ఆయన తగ్గారు, నేను తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 37, ఎత్తు 157 సెంటీమీటర్లు. మా వారికి 41, ఎత్తు 174. సంక్రాంతి పిండివంటలు అయిపోగానే ఇద్దరం కలిసే డైట్ మొదలుపెట్టాం. అప్పుడు నేను 76 కిలోలు, ఆయన 92. రాత్రి అన్నం మానేసి చెరో రెండు జొన్నరొట్టెలు, పొద్దున్నే 45 నిమిషాల నడక. మూడు నెలల్లో ఆయన 8 కిలోలు తగ్గారు, నేను రెండున్నర. ఆయన ప్యాంట్లన్నీ టైలర్ దగ్గర నడుము బిగింపు చేయించుకున్నారు. నన్ను చూసి ‘నీకు నోరు కట్టుకోవడం రాదు’ అంటారు నవ్వుతూ. మొన్న ఒక గృహప్రవేశంలో మా ఆడపడుచు అందరి ముందూ ‘అన్నయ్య పక్కన వదిన అక్కలా ఉంది’ అంది. ఆయనా నవ్వారు. అప్పటి నుంచి వేయింగ్ మెషిన్ చూస్తేనే ఏడుపొస్తోంది. ఆయన తగ్గినందుకు సంతోషం కలగడం లేదు, కుళ్లు పుడుతోంది. రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. ఇద్దరు పిల్లలు. నేను చెడ్డదాన్నా?

జవాబు: చివర్లో సందేహిస్తూ అడిగిన దానితోనే మొదలుపెడదాం. మీరు చెడ్డవారు కాదు. పక్కన కూర్చుని అదే కూర తిన్న మనిషికి ఫలితం వచ్చి మనకు రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. దాని మీద ‘నోరు కట్టుకోవడం రాదు’ అన్న తీర్పు కూడా పడితే ఇక చెప్పేదేముంది. ఆ తీర్పు తప్పని కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు. ముందు ఆ లెక్క చూసి, తర్వాత మాటల సంగతికి వద్దాం.

ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి రోజుకు ఎంత శక్తి కావాలో అంచనా వేయడానికి డైటీషియన్లు వాడే సూత్రం ఒకటుంది, మిఫ్లిన్-సెయింట్ జియోర్ అని. బరువు కిలోలను 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేయాలి. చివర్లో మగవారికి 5 కలుపుతారు, ఆడవారికి 161 తీసేస్తారు. అంటే ఎత్తు, బరువు, వయసు అచ్చంగా ఒకటే అయినా ఆడవారి ఖర్చు 166 కేలరీలు తక్కువే. మగవారి ఒంట్లో కండ వాటా ఎక్కువ కావడమే దీనికి ముఖ్య కారణం.

మీ అంకెలు పెట్టి చూడండి. ఆయనకు దాదాపు 1,807, మీకు 1,395. కూర్చుని చేసే పనికి, కొద్దిపాటి నడకకు కలిపి 1.3తో గుణిస్తే ఆయన రోజు ఖర్చు 2,350, మీది 1,814. ఇద్దరూ సరిగ్గా 1,600 కేలరీలే తిన్నారనుకుందాం. ఆయనకు రోజూ 750 కేలరీల లోటు, మీకు 214. కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 91 రోజులకు ఆయన తగ్గాల్సింది దాదాపు 9 కిలోలు, మీరు తగ్గాల్సింది రెండున్నర. మీరు సరిగ్గా అంతే తగ్గారు! ఇది అంచనా సూత్రమే, పది శాతం అటూ ఇటూ అవుతుంది. అయినా మీరు నోరు కట్టుకోలేదనడానికి ఇందులో ఆధారమేమీ లేదు. నిజానికి కిలోల్లో వెనకబడినట్టు కనిపిస్తున్న మీరే లెక్క తప్పకుండా నడిచారు, ఆయనే ఒక కిలో బాకీ ఉన్నారు. (ఈ చివరి మాట ఆయనతో అనకండి, మీలో మీరు నవ్వుకోండి.)

నడకలోనూ ఇదే తేడా. ఒకే దూరం నడిస్తే 92 కిలోల మనిషికి 76 కిలోల మనిషి కంటే దాదాపు ఐదో వంతు ఎక్కువ ఖర్చవుతుంది. పైగా మగవారికి కొవ్వు ఎక్కువగా పొట్ట లోపల చేరుతుంది. అది త్వరగా కరుగుతుంది, బెల్టు రంధ్రాల్లో వెంటనే తెలుస్తుంది. ఆడవారికి తుంటి, తొడల్లో చర్మం కింద చేరే కొవ్వు మొండిది. రెండు వేల మందికి పైగా పాల్గొన్న ప్రివ్యూ అనే అధ్యయనం 2018లో వెలువడింది. షుగర్ అంచున ఉన్నవారికి 8 వారాల పాటు రోజుకు 800 కేలరీల ఆహారమే ఇచ్చారు (ఇంట్లో చేసే పని కాదు, ప్రయత్నించకండి). మగవారు సగటున 11.8 శాతం, ఆడవారు 10.3 శాతం తగ్గారు. ఆడవారు కండ కూడా మగవారి కంటే ఎక్కువ కోల్పోయారు. మీరు ఎక్కడ జాగ్రత్తపడాలో ఆ చివరి సంగతి చెబుతోంది.

లెక్క తెలిశాక చేయాల్సిన మొదటి పని, ఇద్దరికీ ఒకే కొలత వడ్డించడం మానేయడం. వంట ఒకటే, కొలత వేరు. జొన్నరొట్టె తింటే తగ్గుతామని చాలామంది నమ్మకం. కానీ ఒక్కోటి 60 గ్రాముల పిండితో చేసిన రొట్టెలు రెండు తింటే దాదాపు 400 కేలరీలు, అంటే 300 గ్రాముల అన్నంతో సమానం. ఆయనకు రెండు సరిపోతాయి. మీకు ఒకటి చాలు, మిగతా చోటు గట్టి పప్పుకి, కూరకి ఇవ్వండి. మధ్యాహ్నం అన్నం వండాక ఒక్కసారి తూచి, 150 గ్రాములు ఏ గిన్నెలో పడుతుందో చూసి ఆ గిన్నెను మీ కొలతగా పెట్టుకోండి. అది దాదాపు 195 కేలరీలు. రోజూ తూచనక్కర్లేదు.

రోజుకు 1,450 కేలరీల దగ్గర ఆగితే నెలకు కిలో నుంచి కిలోన్నర తగ్గుతారు. డాక్టర్ చెప్పకుండా 1,200 కిందికి మాత్రం దిగవద్దు. 1,600 నుంచి తగ్గించాల్సిన ఆ 150 కేలరీలు అన్నంలోంచే తీయాలని లేదు, వంటగదిలోనే దొరుకుతాయి. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్ల నూనె అవుతుంటే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 270 కేలరీలు. రెండున్నర లీటర్లకు తెస్తే 170కి దిగుతుంది. నూనె సీసా వంచి పోయడం మానేసి చెంచాతో పోయాలి, పోపుకి 4 చెంచాలు పడేచోట రెండున్నర. ఆవకాయ మీద తేలే నూనె కూడా ఈ లెక్కలోదే. కాఫీ రోజుకు మూడుసార్లు, కప్పుకి రెండు చెంచాల పంచదార అయితే అదొక్కటే 120 కేలరీలు. ఇక వంటగది చుట్టూ తిరిగే అమ్మలందరికీ తెలిసిన సంగతి: ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడటం, పిల్లల పళ్లెంలో మిగిలిన సగం దోసె, పారేయలేక తిన్న రెండు ముద్దల పెరుగన్నం. ఇవి ఎవరి డైట్ చార్టులోనూ ఉండవు. మిగిలింది డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, మీ కడుపు డబ్బా కాదు.

కండ నిలవాలంటే మాంసకృత్తులు పెరగాలి. రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా, పూటకు 20 నుంచి 25 గ్రాములు చొప్పున చూసుకోండి. కోడిగుడ్డులో 6 గ్రాములు. 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 12. వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 పైన. శాకాహారులైతే 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 దాకా ఉంటాయి. రెండు ఇడ్లీలు, నీళ్ల చట్నీతో పొద్దున్న సరిపెట్టుకుంటే పదకొండింటికి ఆకలి ముంచుకొస్తుంది, అప్పుడే చేయి బిస్కట్ల డబ్బాలోకి వెళ్తుంది. వారానికి రెండు రోజులు నడక మానేసి ఆ సమయంలో కండకు పని చెప్పండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడుసార్లు, గోడకు చేతులానించి పుషప్‌లు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడం. మోకాళ్లు నొప్పిపెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. కండ పెరిగితే బరువు దానంతటదే కరిగిపోతుందని జిమ్‌లో చెప్పేది నమ్మకండి, కిలో కండ రోజుకు 13 కేలరీలే ఖర్చు చేస్తుంది. ఉన్న కండ పోకుండా కాపాడుకోవడమే మనకు కావాల్సింది.

మెషిన్ ఎక్కడం వారానికొకసారి చాలు. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, రెండు కిలోలు పెరిగినట్టు చూపించడం మామూలే. ఆయన మెషిన్‌కి ఈ ఒడుదొడుకులు ఉండవు. అందుకే మీరు నిన్నటితో పోల్చుకోకండి. నెలసరి మొదలైన ఆరో రోజు బరువును కిందటి నెల ఆరో రోజుతో పోల్చండి. దాంతో పాటు నడుము కొలవండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మన దేశపు ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు లెక్కపెడతారు. మొదటి మజిలీ మొదలుపెట్టిన బరువులో 5 శాతం, మీకు 3.8 కిలోలు. రెండున్నర అయిపోయింది కదా, ఇంకా 1.3 ఉంది.

ఇక రెండో మాట. ఆయన డైట్ చేస్తున్నారు, ఆ డైట్ వండుతున్నది మీరు. రొట్టె కాల్చేది, గుడ్లు ఉడకబెట్టేది, కూర ముక్కలు కోసేది మీరే. అందరికీ వడ్డించాక తొమ్మిదిన్నరకి, ఆకలి మీద, మిగిలినదానితో కూర్చునేదీ మీరే అయి ఉంటారు. వేళకు పళ్లెం ముందుకొచ్చే మనిషికి నోరు కట్టుకోవడం సులువు. ఇది ఆయన తప్పని అనను, చాలామంది మగవారికి ఇది కంటికే కనిపించదు. కనిపించేలా చెప్పడం మాత్రం అవసరం.

చెప్పే వేళ ముఖ్యం. భోజనాల దగ్గర, మెషిన్ దగ్గర, అత్తయ్యగారి ముందు వద్దు. ఆదివారం టిఫిన్లయ్యాక పిల్లలు ఆటల్లో ఉన్నప్పుడు పదిహేను నిమిషాలు అడగండి. లెక్క వేసిన కాగితం ముందు పెట్టండి. ‘మీరెప్పుడూ నన్ను చిన్నచూపే చూస్తారు’ అని మొదలుపెడితే సంభాషణ పెళ్లినాటి సంగతుల దాకా పోతుంది. ‘ఏవండీ, మీరు తగ్గారంటే నాకూ గర్వమే. కానీ నోరు కట్టుకోవడం రాదన్నప్పుడల్లా నేను పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టు ఉంటోంది. ఈ లెక్క ఒకసారి చూడండి’ అనండి. తర్వాత మూడే అడగండి. ‘నా పళ్లెం గురించి, బరువు గురించి నేను అడిగితే తప్ప మాట్లాడకండి.’ ‘వారంలో మూడు రాత్రులు రొట్టెలు, వంటగది సర్దడం మీవి, ఆ వేళకి నేను ఎనిమిదింటికే తిని లేస్తాను.’ ‘చుట్టాల్లో ఎవరైనా నా ఒళ్లు గురించి అంటే మీరు నవ్వకండి, మీరే ఆపండి.’

మూడోది వదలొద్దు. ఆడపడుచుకి మీరు జవాబిస్తే వదినా మరదళ్ల గొడవ అవుతుంది. అన్నయ్య ‘ఆ మాట బాగాలేదమ్మా, మానెయ్’ అంటే అక్కడితో పోతుంది. ‘నీ మంచికేగా అన్నాను’ అని ఆయన అంటే వాదించకండి. ‘మంచికే, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట విన్న రోజు నేను ఎక్కువ తింటున్నాను, తక్కువ కాదు’ అని నిజం చెప్పండి. ఒక్కసారికే మారతారని ఆశపడొద్దు. పాత మాట మళ్లీ వస్తే ‘మనం అనుకున్నాం కదా’ అని ఒక్క ముక్క అని లేచిపోండి.

మీ వైపూ ఒకటి చూసుకోవాలి. కుళ్లు మనసులో ఉంటే తప్పు లేదు, అది వంటలోకి దిగితే ఇబ్బంది. ఆయన డైట్ పట్టుగా చేస్తున్న వారమే మిరపకాయ బజ్జీలు వేయాలనిపించడం, ఆయనతో నడకకు వెళ్లకుండా మొహం చాటేయడం, అందరూ పడుకున్నాక ఫ్రిజ్ ముందు నిలబడి తినడం జరుగుతుంటే గుర్తుపట్టండి. నడకలో ఆయన వేగం అందుకోలేక విసుగొస్తే వారంలో మూడు రోజులు విడిగా నడవండి, రెండు రోజులు కలిసి, మీ వేగంతో. తిన్నది కావాలని వాంతి చేసుకోవడం, రోజంతా పస్తుండి రాత్రి ఆపుకోలేకుండా తినడం, రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఉంటే ఇది డైట్ సంగతి కాదు. టెలీ-మానస్ 14416కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోండి. కాఫీ అరగంట నుంచి గంట తర్వాత. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అదుపులో ఉంటే బరువు తగ్గకపోవడానికి థైరాయిడ్‌ను తప్పుపట్టనక్కర్లేదు. స్టిరాయిడ్లు, మూర్ఛకూ డిప్రెషన్‌కూ వాడే కొన్ని మందులు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌ని అడగండి. మీ వారికీ ఒక జాగ్రత్త చెప్పండి: డైట్ ఆపినా బరువు దిగుతూనే ఉండి, దాహం, రాత్రిళ్లు మూత్రానికి లేవడం ఉంటే సంబరపడకుండా మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి.

ఈ మార్పులన్నీ ఎనిమిది వారాలు చేయండి. నడుము కొలత కదలకుండా, ఆరో రోజు బరువులో కిలో కూడా తేడా లేకపోతే టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ చేయించుకుని ఫిజీషియన్‌ని కలవండి. నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) సంగతీ అడగండి. వెళ్లేటప్పుడు మూడు రోజుల తిండి, రుచి చూసిన ముద్దలతో సహా, రాసి తీసుకెళ్లండి.