పోస్టర్ల ప్రదర్శన కోసం లోన్ యాప్ తలుపు తట్టకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. షార్ట్ ఫిల్ములకు, కాలేజీ ఫెస్టులకు, షాపులకు పోస్టర్లు చేస్తుంటాను. గత ఎనిమిది నెలల్లో నాకు వచ్చింది వరసగా 25, 8, 0, 14, 6, 19, 0, 16 వేలు. నాన్న నెలకు 7 వేలు పంపుతారు. హాస్టల్, భోజనం, బస్సు, ఫోన్ కలిపి నెలకు 12 వేలు ఖర్చు. నాదంటూ బ్యాంకులో 9 వేలు ఉన్నాయి. ఫొటోలు తీసే ఒక మిత్రుడు, కవిత్వం రాసే ఒక స్నేహితురాలు, నేను కలిసి పాతబస్తీలోని చేతిరాత సైన్‌బోర్డుల మీద 24 పోస్టర్ల సిరీస్ చేస్తున్నాం. ప్రింట్లు, ఫ్రేములు, హాలు అద్దె అన్నీ కలిపి 1,20,000 అవుతాయి. ఒక షార్ట్ ఫిల్మ్ టీమ్ ఇచ్చిన 30 వేల అడ్వాన్సు నా దగ్గర ఉంది. 60 వేలు లోన్ యాప్‌లో, మిగతా 30 వేలు నాన్న క్రెడిట్ కార్డు మీద తీసుకోవాలని ఆలోచన. యాప్‌లో నెలకు 2 శాతమే వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, నెలకు 6,200 చొప్పున 12 ఈఎంఐలు. ఇప్పటికే పాన్, ఆధార్ అప్‌లోడ్ చేశాను. అప్పు నా పేరు మీదే ఉంటుంది, ఈఎంఐ ముగ్గురం పంచుకుంటాం. ఇంతకుముందు చేసిన పోస్టర్ల ప్రింటింగు తాలూకు 14 వేలు ఆ ఇద్దరి నుంచి నాకింకా రావాలి. పోస్టర్లు అమ్ముడైతే అంతా తీర్చేస్తాం. ఇది సరైనదేనా? నెలకు 2 వేలు మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కూడా మొదలుపెట్టనా? తర్వాత ఎం.డిజైన్ చదవాలని ఉంది.

జవాబు: యాప్ అప్పు తీసుకోకండి. నాన్నగారి కార్డు వాడకండి. షార్ట్ ఫిల్మ్ వాళ్లు ఇచ్చిన 30 వేలు ముట్టుకోకండి. ఈ మూడూ ముందే చెప్పేస్తున్నాను. మీ ఉత్తరంలో ‘అమ్ముడైతే తీర్చేస్తాం’ అన్న మాట చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. డిజైనర్లు, ఎడిటర్లు, ఫొటోగ్రాఫర్లు, ఇలా చేసిన పనికి మాత్రమే డబ్బు చేతికొచ్చే యువతీయువకుల్లో చాలామంది ఈ పొరపాటే చేస్తున్నారు. చేతిలో ఒక్క నెల ఖర్చు కూడా ఉండదు, రావాల్సిన డబ్బును వచ్చినట్టే లెక్కేసుకుని అప్పు చేస్తారు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం అదే.

ప్రాజెక్టు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ ఒకే బోర్డు మీద చేత్తో రాసే పెయింటర్లకు ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిపోయింది. ఆ అక్షరాలను పోస్టర్లుగా నిలబెట్టాలనుకోవడం మంచి ఆలోచన, చేసి తీరాల్సిన పని. నేను వద్దంటున్నది డబ్బు తెస్తున్న దారిని.

ముందు ఆ ‘2 శాతమే’ సంగతి చూద్దాం. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీకి 60 వేలు తెస్తే, నెలకు 1,200 వడ్డీ కడతాం, అసలు తీర్చేదాకా ఆ 60 వేలూ మన దగ్గరే ఉంటాయి. యాప్ లెక్క అలా లేదు. నెలనెలా అసలులో 5 వేలు కట్టేస్తూనే ఉంటారు, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 60 వేల మీదే పడుతుంది. ఆఖరి నెలలో మీ దగ్గర మిగిలి ఉండే అసలు 5 వేలు, దానికి కట్టే వడ్డీ 1,200. ప్రాసెసింగ్ ఫీజు 1,800, దాని మీద జీఎస్టీ 324 ముందే కోసుకుంటారు కాబట్టి మీ ఖాతాలో పడేది 57,876. ఈఎంఐ 6,200 చొప్పున మీరు తిరిగి కట్టేది 74,400. అసలు తగ్గే తీరు చూసి లెక్కిస్తే ఇది ఏడాదికి 49 శాతం దగ్గర తేలుతుంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇలాంటి అప్పుకు ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే పత్రం ఇవ్వాలి, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. మీకు ఆ పత్రం చూపించారా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

క్రెడిట్ కార్డు కూడా తక్కువేమీ కాదు. గడువులోగా పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల మీద నెలకు 3.5 శాతం దరిదాపుల్లో వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. 30 వేల మీద నెలకు సుమారు 1,240 ఉత్త వడ్డీకే పోతుంది. పైగా అది నాన్నగారి పేరు.

ఇప్పుడు మీరిచ్చిన అంకెలే మళ్లీ చూడండి. ఎనిమిది నెలల్లో మీ సంపాదన 88 వేలు, నెలకు సగటున 11 వేలు. నాన్నగారి 7 వేలు కలిపితే 18 వేలు. ఖర్చు 12 వేలు పోగా మిగిలేది 6 వేలు. ఈఎంఐ 6,200! సగటు నెలలోనే 200 తక్కువ పడుతోంది. మరి సగటు నెల మీకు ఎప్పుడొచ్చింది? రెండు నెలలు ఒక్క రూపాయి రాలేదు. ఆ నెలల్లో నాన్నగారి డబ్బుతో హాస్టలూ భోజనమే పూర్తిగా గడవవు, ఈఎంఐ ఎక్కణ్నుంచి కడతారు? ఇంకో యాప్ నుంచి. ఈ అప్పులు ఒకటి రెండై, రెండు నాలుగయ్యేది ఇలాగే. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్ వాళ్ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. ఆ తర్వాతే ఆర్‌బీఐ నిబంధనలు బిగించింది. అప్పు ఇచ్చే యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని ఇప్పుడు నిబంధన ఉంది. అయినా దొంగ యాప్‌లు పుడుతూనే ఉన్నాయి.

లెక్క ప్రకారం ఎనిమిది నెలల్లో మీకు 48 వేలు మిగలాలి. ఉన్నవి 9 వేలు. మిత్రుల దగ్గర ఇరుక్కున్న 14 వేలు తీసేసినా ఇంకో 25 వేలు ఎటు పోయాయో మీకే తెలియాలి. కాగితం, టెస్ట్ ప్రింట్లు, కలిసి చేసే పనులకు మీ జేబులోంచి పెట్టినవి అయుంటాయని నా అనుమానం. తిట్టడానికి ఈ మాట అనడం లేదు. మీకు సంపాదన ఉంది, మిగులూ ఉంది, ఆ మిగులుకు ఒక చోటు మాత్రం లేదు.

ఆ చోటే అత్యవసర నిధి. నన్ను ఎవరు ఏ ప్రశ్న అడిగినా నేను ముందు దీని దగ్గరికే తీసుకొస్తాను, మిమ్మల్నీ అంతే. జీతగాళ్లకు మూడు నెలల ఖర్చు చాలంటారు, ఆదాయం ఇలా ఎగుడుదిగుడుగా ఉండేవాళ్లకు ఆరు నెలలు కావాలి. మీకు 72 వేలు. ‘నాన్న 7 వేలు ఇస్తారు కదా, 5 వేల చొప్పున లెక్కేస్తే చాలదా’ అని అడుగుతారేమో. చాలదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మొదట ఆగేది ఆ 7 వేలే, సరిగ్గా అప్పుడే మీకూ డబ్బు అవసరం పడుతుంది. వానాకాలం హాస్టల్లో డెంగీ వస్తే రెండు మూడు వారాలు పని ఉండదు. సబ్‌మిషన్ల ముందు లాప్‌టాప్ మదర్‌బోర్డు పోతే చదువూ, సంపాదనా ఒకేసారి ఆగిపోతాయి. పోస్టర్ నచ్చిందన్న నిర్మాత ఫోన్ ఎత్తడం మానేయొచ్చు. మీ పనిలో ఇవన్నీ జరుగుతూనే ఉంటాయి. నిధి ఉన్నవాళ్లు ఒక నెల ఇబ్బంది పడి బయటపడతారు. లేనివాళ్లు రాత్రి పదకొండింటికి యాప్ డౌన్‌లోడ్ చేస్తారు.

72 వేలు అనగానే గుండె జారిపోనక్కర్లేదు. మిత్రుల నుంచి 14 వేలు వసూలైతే, ఉన్న 9 వేలతో 23 వేలవుతాయి. నెలకు 6 వేలు వేస్తూ పోతే రెండు మూడు నెలల్లో 36 వేలు, ఎనిమిది నెలలకు దాదాపు మొత్తం. దీనికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, దానికి యూపీఐ తగిలించకండి. డబ్బు వచ్చిన రోజే అందులోకి పంపండి, నెలాఖరుకు ఏదో మిగులుతుందిలే అని చూడకండి. 25 వేలు వచ్చిన నెలలో 6 వేలు వేసి ఊరుకోవద్దు, 15 వేలు వేయండి. సున్నా వచ్చిన నెలలో వేయాల్సిన పనిలేదు, కావాలంటే అందులోంచే తీసుకోండి, అది ఉన్నది అందుకే. కొత్త ఫాంటు కొనడానికి, స్నేహితుల పోస్టర్ ప్రింటుకు, డిస్కౌంట్లో వచ్చిన టాబ్లెట్‌కు మాత్రం అందులోంచి పైసా తీయకూడదు.

ఇక షార్ట్ ఫిల్మ్ అడ్వాన్సు. అది ఇంకా మీ డబ్బు కాదు. ఫస్ట్ లుక్ ఇచ్చి, వాళ్లు ఒప్పుకున్న తర్వాతే మీదవుతుంది. షూటింగ్ ఆగిపోయి ‘అడ్వాన్సు తిరిగిచ్చెయ్యండి’ అంటే ఫ్రేముల్లోకి పోయిన డబ్బు ఎలా తెస్తారు? పని మానుకుంటే ఎంత తిరిగివ్వాలి, ఎంత మీరు ఉంచుకోవచ్చు అన్నది ఈ వారమే వాళ్లతో వాట్సాప్‌లోనైనా రాసుకోండి. ఇకముందు ఏ పనికైనా సగం అడ్వాన్సు, ఎన్ని కరెక్షన్లో ముందే మాట, మిగతా సగం అందాకే ప్రింట్ ఫైలు. అప్పటిదాకా వాటర్‌మార్కున్న చిన్న జేపెగ్ చాలు. మార్పులు చేసుకోగలిగే ఓపెన్ ఫైలు అడిగితే దానికి వేరే ధర. ఈ పద్ధతి పెట్టుకుంటే మీ సున్నా నెలలు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం. రెండు నెలలూ మీరు పనిలేక ఖాళీగా కూర్చుని ఉండరు, చేసిన పనికి డబ్బు రాక ఉంటుంది.

కలిసి పనిచేయడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 14 వేలు ఇంకా ఇవ్వని ఇద్దరు, నెలకు తలా 2 వేల పైచిలుకు ఏడాదిపాటు తప్పకుండా ఇస్తారని మీరు ఏ ధైర్యంతో అనుకుంటున్నారు? వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్లదీ మీలాంటి ఆదాయమే. అప్పు మీ పేరు మీద ఉంటే సిబిల్‌లోని అప్పుల రికార్డూ మీదే, ఆలస్యమైన ప్రతి ఈఎంఐ మీ పేరు పక్కనే పడుతుంది. రేపు ఎం.డిజైన్‌కు విద్యారుణం అడిగినప్పుడు బ్యాంకు ఆ రికార్డు తీసి చూస్తుంది. ఒక ప్రదర్శన కోసం రెండేళ్ల చదువును చిక్కుల్లో పడేసుకోకండి. ముగ్గురూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి: ఎవరు ఎంత పెడుతున్నారు, అమ్మకాల్లో ఎవరి వాటా ఎంత, రేపు ఎవరైనా ఒక పోస్టర్‌ను టీషర్టు మీద వేసుకుంటామంటే ఎవరిని అడగాలి. కాపీరైట్ హక్కులు వేరేవాళ్లకు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలన్నది 1957 నాటి చట్టంలోనే ఉంది. నోటిమాట మీద నడవకండి.

ప్రదర్శన మానుకోవాలా? అక్కర్లేదు, చిన్నది చేయండి. 1,20,000 రాబట్టాలంటే పోస్టర్ 600కి అమ్మినా 200 అమ్ముడుపోవాలి, అదీ వడ్డీ కలపకుండా. మీ నిధి 36 వేలకు చేరాక, 24లో బాగా వచ్చిన ఆరు పోస్టర్లతో మొదలుపెట్టండి. తలా 4 వేలు, మొత్తం 12 వేల బడ్జెట్, ముగ్గురూ డబ్బు ముందే తెచ్చి పెట్టాలి. ఆఫ్‌సెట్ జోలికి వెళ్లకండి, ప్లేట్ల ఖర్చు రావాలంటే వందల కాపీలు వేయాలి. డిజిటల్ ప్రింటులో ఎన్ని ఆర్డర్లొస్తే అన్నే వేయించుకోవచ్చు. ఫ్రేముల బదులు సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ అట్ట చాలు. ఒక్క ప్రూఫ్ తీయించి రంగులు చూసుకున్నాకే మిగతావి వేయించండి, తెలుగు అక్షరాలు కర్వ్స్ చేయకుండా, అంటే ఫాంటు అవసరం లేని గీతలుగా మార్చకుండా ఫైలు పంపి ఒత్తులు ఎగిరిపోయి మళ్లీ ప్రింటు వేయించుకున్న ఖర్చులు చాలామంది లెక్కల్లో చూశాను. హాలుకు బదులు కాలేజీ కారిడారో, లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికో అడిగి చూడండి. ముందుగా ఆర్డర్లు, సగం డబ్బు తీసుకోండి. ఆరు పోస్టర్లు తమ ఖర్చు తాము తెచ్చుకుంటే తర్వాతి ఆరుకు ఆ డబ్బే పెట్టుబడి. తెచ్చుకోకపోతే పోయేది మీ వాటా 4 వేలే.

మిగతావి క్లుప్తంగా. సిప్ ఇప్పుడు వద్దు, నిధి నిండాక ఆలోచిద్దాం. ఆరోగ్య బీమా సంగతి నాన్నగారిని ఇవాళే అడగండి. ఆయనకు ఈఎస్ఐ ఉంటే ఆయన మీద ఆధారపడిన పెళ్లికాని కూతురిగా మీకూ వర్తిస్తుంది, కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే అందులో మీ పేరు ఉందో లేదో చూడమనండి. రెండూ లేకపోతే కుటుంబమంతటికీ ఒక ఫ్లోటర్ పాలసీ తప్పనిసరి. టర్మ్ పాలసీ, అంటే జీవిత బీమా, మీకు అవసరం లేదు, నాన్నగారికి ఉండాలి. లాప్‌టాప్ మార్చాల్సివస్తే ఎం.డిజైన్ విద్యారుణంలో కంప్యూటర్ ఖర్చు కూడా కలుపుతారేమో బ్యాంకులో అడగండి. ఏ కంపెనీ అయినా మీ డబ్బులోంచి టీడీఎస్ పన్ను కోసి ఇస్తే ఆదాయపు పన్ను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

చివరగా, మీరు ఆ యాప్‌కు ఇచ్చేసిన పాన్, ఆధార్. అప్పు ఒప్పందానికి ఇంకా ‘సరే’ నొక్కకపోతే దరఖాస్తు రద్దు చేసి, ఆ సంగతి వాళ్లకు ఈమెయిల్‌లో రాసి, తర్వాత యాప్ తీసేయండి. ‘సరే’ నొక్కి డబ్బు కూడా పడిపోయి ఉంటే, అప్పు వద్దనుకుని వెనక్కి ఇచ్చేయడానికి ఉండే కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూసుకుని, ఆ లోపే అసలూ, అన్ని రోజుల వడ్డీ కట్టి బయటపడండి, దానికి జరిమానా ఉండదు. నెల తర్వాత మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి, సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాల్సిందే. మీరు తీసుకోని అప్పు అందులో కనిపిస్తే ఆ బ్యూరోకు రాయండి. ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, అదే రోజు నాన్నగారికీ చెప్పండి.