ప్లేస్కూల్ పన్నెండున్నరకు వదిలితే, ఆ తర్వాత?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. హైదరాబాద్‌లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇన్నాళ్లూ వాణ్ణి చూసుకున్న అత్తయ్య మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోతున్నారు. డేకేర్‌లో వేద్దామని నేనంటాను. ప్లేస్కూల్ అయితే నాలుగు అక్షరాలు వస్తాయని మావారు. ‘ఆయాల చేతుల్లో పెడతారా’ అని అత్తయ్య కన్నీళ్లు. ఏం చెయ్యాలో తోచడం లేదు.
– ఒక సోదరి

జవాబు: మీరు చెప్పినదాంట్లో ఒక లెక్క తేలలేదమ్మా. ప్లేస్కూళ్లు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకే వదిలేస్తాయి. మీరు ఇల్లు చేరేసరికి ఏ ఆరో, ఏడో. అప్పటిదాకా బాబు ఎవరి దగ్గర ఉంటాడు? స్కూలు నుంచి వ్యాన్‌లో ఇంకోచోటికి, నిద్రవేళకి మరో కొత్త మనిషి దగ్గరికి అంటే వాడికి కష్టం. నన్నడిగితే ఇప్పటికి డేకేరే. ప్రీస్కూల్ సంగతి మూడేళ్లు నిండాక చూసుకోవచ్చు.

అక్షరాలకు ఆలస్యమైపోతుందన్న టెన్షన్ మీవారికి అక్కర్లేదు. అంగన్‌వాడీల్లో కూడా పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవాళ్లకే. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతిని ఆరేళ్లకు పెట్టింది. రెండున్నరేళ్లకి వేళ్లలో పెన్సిల్‌తో రాసేంత పట్టు ఉండదు. ఈ వయసులో వాడికి కావలసింది వేళకి అన్నం, మధ్యాహ్నం నిద్ర, ఏడిస్తే ఎత్తుకునే తెలిసిన మనిషి.

అత్తయ్యగారి భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. డేకేర్‌కి పొద్దున పదింటికి వెళ్తే అంతా ముస్తాబుగా ఉంటుంది. చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి, పిల్లలు నిద్రలేచే వేళకి వెళ్లండి. మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తే వేరేది చూసుకోండి. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలు, ఆమె అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తోంది అని అడగండి. నెలకో ఆయా మారుతుంటే గోడల మీద ఎన్ని బొమ్మలుండి ఏం లాభం? సీసీ కెమెరా ఉందని గొప్పగా చెబుతారు. ఉంటే మంచిదే, కానీ కెమెరా పిల్లాణ్ణి ఎత్తుకోదు కదా! వీలైతే అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయాతో ఆవిడ పది నిమిషాలు మాట్లాడితే మనకు తట్టనివి కనిపెట్టేస్తారు.

ఇంకోమాట. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి. రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డని చూసుకోనివ్వాలి. మీ హెచ్ఆర్‌ని అడిగారా? చాలామంది అడగరు.

అత్తయ్యగారు ఊరెళ్లకముందే మొదలుపెట్టండి. మొదటి రోజు ఒక గంట చాలు, మీరూ అక్కడే ఉండండి. తర్వాత మెల్లగా పెంచండి. వచ్చేటప్పుడు వాడి కన్నుగప్పి జారుకోవద్దు, ‘పాలు తాగేవేళకి వస్తా’ అని చెప్పి రండి, చెప్పిన వేళకి వెళ్లండి. మొదటి నెలల్లో జలుబులు, జ్వరాలు తప్పవు. ఆ సెలవులు ఎవరెన్ని పెట్టాలో మీవారితో ఇప్పుడే మాట్లాడుకోండి, అన్నీ మీ ఖాతాలోనే పడనివ్వకండి.