ఇంజన్ విప్పారు సరే, పాత సామాన్లలో ఏది మళ్లీ వేయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా మూడు సిలిండర్ల ట్రాక్టరుకు 14 ఏళ్లు. ఆయిల్ తాగుతూ నీలం పొగ వదులుతుంటే నేనూ మా బామ్మర్దీ ఇంటి దగ్గరే ఇంజన్ విప్పేశాం. అన్నీ కొత్తవి వేస్తే బిగింపు కూలితో కలిపి 78,000 అవుతుందని మేస్త్రీ లెక్క రాసిచ్చారు. పిస్టన్ రింగులు మార్చి, మిగతావి డీజిల్‌తో కడిగి వేస్తే 12,000లో అయిపోతుందని బామ్మర్ది అంటున్నాడు. బ్యాంకులో 55,000 ఉన్నాయి. అందులో 20,000 పాప కాలేజీ ఫీజుకు కావాలి. తక్కువ పడే డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా?

జవాబు: వడ్డీకి ఇప్పుడే తేవద్దు. అసలు ఎంత తక్కువ పడుతుందో మీకింకా తెలియదు. మేస్త్రీ గారి 78,000 గానీ, మీ బామ్మర్ది 12,000 గానీ కొలిచి చెప్పిన లెక్కలు కావు.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా బావి దగ్గర డీజిల్ ఇంజనుండేది. హెడ్ (ఇంజన్ పై మూత) విప్పినప్పుడు, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ చూడ్డానికి బాగానే ఉందని నాన్న దానికే పేస్టు పూసి బిగించేశారు. నాలుగో రోజు ఆయిల్ గేజ్ పుల్ల లాగి చూస్తే ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. నీళ్లు దిగిపోయాయి. మళ్లీ విప్పి బాగు చేయించేసరికి కాయ మీదున్న మిర్చికి రెండు తడులు తప్పాయి. గ్యాస్కెట్ ధర ఎంతో నాకు గుర్తు లేదు, ఆ ఏడు తాలు కాయ ఏరుతూ కూర్చున్న అమ్మ మాత్రం గుర్తుంది.

అందుకే ఇంజన్ లోపలి సామాను దగ్గర దాని ధర ఒక్కటే చూడను. అది పాడైతే మళ్లీ ఇంజన్ విప్పడానికి ఎంతవుతుందో కూడా కలుపుతాను. మీరు పంపిన ఎస్టిమేట్‌లో గ్యాస్కెట్ సెట్, ఆయిల్ సీళ్లు, మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, రాడ్ బోల్టులు, రింగులు, ఫిల్టర్లు అన్నీ కలిపి 18,000. వీటిలో పాతది ఒక్కటీ మళ్లీ వేయకండి. ఒకసారి నలిగిన గ్యాస్కెట్ మళ్లీ అదే పట్టు పట్టదు. బిగింపుకు సాగిన బోల్టును కంటితో చూసి పోల్చలేం. పాత బేరింగ్ పట్టేస్తే, అందులో తిరిగే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూడా గీసుకుపోతుంది. అంటే 19,000 క్రాంక్, 8,000 బిగింపు కూలి, మళ్లీ గ్యాస్కెట్లు. సీజన్లో కిరాయి దుక్కుల మీద ఖర్చులు పోను రోజుకు 2,500 మిగులుతుందని రాశారు. పది రోజులు బండి ఆగితే 25,000 పోయినట్టే.

ఇక ఖరీదైనవి: క్రాంక్ 19,000, లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు), పిస్టన్లు కలిపి 22,000, వాల్వులు 7,000, ఆయిల్ పంపు 4,000. ఇక్కడ మీ బామ్మర్ది మాటలో న్యాయముంది. ఇవి కొలిచి చూసే సామాన్లు, కొలత లోపల ఉంటే నిశ్చింతగా మళ్లీ వాడుకోవచ్చు. క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) మీద గోరు పెట్టి లాగి చూడండి. గీతల్లో గోరు తట్టుకుంటే గ్రైండింగ్ తప్పదు. నున్నగా జారినా సరే, కోలగా అరిగిందో లేదో మైక్రోమీటరే చెప్పాలి. గ్రైండింగ్‌తో సరిపోయేదానికి కొత్త క్రాంక్ కొనకండి. లైనర్ పై అంచున వేలికి గట్టులా తగులుతోందా? అయితే రింగులొక్కటే మార్చడం దండగ. కొత్త పై రింగు ఆ గట్టుకు తగిలి విరిగే ప్రమాదం కూడా ఉంది.

వరంగల్ ఆటోనగర్‌లోనో మీకు తెలిసిన లేత్ షాపులోనో క్రాంక్, బ్లాక్, హెడ్ మూడూ కొలిపించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. కంపెనీ మాన్యువల్‌లోని అరుగుదల హద్దులతో పోల్చమనండి. అంతవరకు ఒక్క ప్యాకెట్ కూడా కొనొద్దు. క్రాంక్‌ను 0.25 మిల్లీమీటరు గ్రైండ్ చేయిస్తే ఆ సైజు బేరింగులే కావాలి. ముందే కొన్న స్టాండర్డ్ సైజువి పనికిరావు, విప్పిన ప్యాకెట్ షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. పిస్టన్లు మార్చాల్సి వస్తే సెట్‌తోనే తరచూ రింగులు కూడా వస్తాయి, వాటికి రెండుసార్లు డబ్బు పెట్టకండి.

ఇంకో మాట. కడిగేటప్పుడు ఏ రాడ్ క్యాప్ ఆ రాడ్‌తోనే, ఏ వాల్వ్ ఆ సీటు పేరుతోనే ఉంచండి. అన్నీ ఒకే తొట్టిలో వేసి కలిపేస్తే మంచి సామాను కూడా కొత్తది కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫీజు 20,000 తీస్తే మీ చేతిలో 35,000. తప్పనిసరి సామాన్లు 18,000, బిగింపు 8,000 పోను 9,000 మిగులుతుంది. గ్రైండింగ్, వాల్వ్ పనులు అందులోంచే చేయించండి. లైనర్లు హద్దు దాటితేనే అప్పు మాట. అప్పుడు కూడా నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉందన్నారు కదా. దాని లిమిట్ లెక్క కట్టేటప్పుడే పంట ఖర్చు మీద 20 శాతం వ్యవసాయ సామగ్రి మరమ్మతులకని కలుపుతారు. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. బ్యాంకుకు వెళ్లి మీ లిమిట్‌లో ఎంత మిగిలిందో అడగండి. ఫీజు డబ్బు మాత్రం ఈరోజే పాప ఖాతాలో వేసేయండి. షెడ్డులో పని నడుస్తున్నప్పుడు చేతికందే డబ్బు నిలవదు, ఇది ఎన్నో ఇళ్లలో చూశాను.

మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. అప్పటికి లేత్ షాపుల దగ్గర రద్దీ ఉంటుంది కాబట్టి క్రాంక్, బ్లాక్ ఈ వారమే పంపండి. కొలతల కాగితం రాగానే ఫొటో తీసి నాకు పంపండి, లైనర్లు కొనాలా వద్దా అన్నది అది చూసి చెబుతాను.